అన్నం పెట్టే చేతులున్నాయి, అర్జీ రాసే చేతులేవి?

2024 జులైలో కువైట్ నుంచి వచ్చిన ఒక వీడియో రాష్ట్రమంతా తిరిగింది. అన్నమయ్య జిల్లాకు చెందిన ఒక కూలీ ఎడారి మధ్యలో నిలబడి, పశువులనూ పక్షులనూ కాసే పనిలో తనను ఒంటరిగా పడేశారనీ, ఎవరైనా ఆదుకోకపోతే బతకలేననీ ఏడుస్తూ చెప్పుకున్నాడు. అది మంత్రి నారా లోకేష్ కంటపడింది. ప్రవాసాంధ్రుల విభాగమూ రాయబార కార్యాలయమూ కదిలాయి. కొద్ది రోజుల్లోనే ఆ మనిషి ఇల్లు చేరాడు. అదే నెలలో కోనసీమకు చెందిన మరొకరు, ఖతార్‌లో పని అని నమ్మి వెళ్ళి సౌదీ ఎడారిలో ఒంటెల కాపరిగా తేలిన వ్యక్తి, ఇంచుమించు ఇదే దారిలో తిరిగి వచ్చారు.

సంతోషించవలసిన సంగతే. కాని ఆ సంతోషం పక్కనే ఒక ప్రశ్న నిలబడి ఉంది. వీడియో తీసుకోవడం చేతగానివారి మాటేమిటి? తీసినా అది ఊరు దాటనివారి మాటేమిటి? మంత్రి కంట పడటం అదృష్టం. అదృష్టాన్ని ఏర్పాటు అనుకోకూడదు. పైగా విమానం దిగిన మరునాడు ఏమవుతుందో ఏ వీడియోలోనూ కనబడదు. వెళ్ళడానికి తెచ్చిన అప్పు వడ్డీతో సహా గుమ్మంలో కూర్చుని ఉంటుంది. ఇంటి అద్దె నెలలకొద్దీ బాకీ పడి ఉంటుంది. డబ్బాలో బియ్యం అడుగంటి ఉంటాయి. తిండి, నీడ, కాగితం అనే మూడు అక్కరలూ ఒకే ఇంట్లో ఒకేసారి దిగుతాయి. సాయం మాత్రం మూడు వేర్వేరు వాకిళ్ళలో దొరుకుతుంది. ఏ వాకిలి దేనికో చెప్పేవారుండరు.

ఈ సంగతి తాడేపల్లి నుంచి మాట్లాడటానికి కారణముంది. కృష్ణకు ఇవతల, ప్రకాశం బ్యారేజీ దిగగానే వచ్చే ఈ ఊరు 2021 నుంచి మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థలో భాగం. 2019 నుంచి 2024 దాకా ముఖ్యమంత్రి నివాసమూ క్యాంపు కార్యాలయమూ ఇక్కడే ఉన్నాయి. 2024 జూన్ నుంచి పక్కనే ఉండవల్లిలో ప్రజాదర్బార్ పేరిట అర్జీలు తీసుకున్నారు. ప్రవాసాంధ్రుల కోసం ప్రభుత్వం నెలకొల్పిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ కూడా తాడేపల్లి కేంద్రంగా పనిచేసినదే. అంటే కువైట్‌లో చిక్కుకున్న బిడ్డ కోసం రాయచోటి నుంచో రాజోలు నుంచో ప్లాస్టిక్ కవరులో కాగితాలు పెట్టుకుని వచ్చే తల్లి దిగవలసిన ఊరు ఇదే. విచిత్రమేమిటంటే, ఈ వాకిళ్ళకు కూతవేటు దూరంలో ఉండే మన కుటుంబాలలో చాలామందికి అవి ఎందుకున్నాయో తెలియదు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల మన ముస్లింలు గల్ఫ్ దారిలో కడపవారంత మంది లేరన్నది నిజం. ఇక్కడి పేదలకు పత్తి తీత, మిరప కోత, యార్డులో బస్తాల మోత, కాయల తొడిమలు తీసే కూలి, దూదేకులవారికి పరుపుల పని, కుర్రాళ్ళకు ఆటో, మెకానిక్ షెడ్డు ఉన్నాయి. కాని మిరప ధర పడిపోయిన ఏడు, పత్తికి గులాబీ పురుగు పట్టిన ఏడు కూలి దినాలు తగ్గుతాయి. అప్పుడే ఎవరో ఒక ఏజెంటు ఇంటికి వస్తాడు. ఆడమనిషికైతే ఇంటిపని, మగవాడికైతే డ్రైవరు పని అంటాడు. తెలిసిన భాయి చెప్పాడు కదా అని ఇంట్లో నమ్ముతారు. మోసం ఎప్పుడూ తెలిసిన ముఖంతోనే వస్తుంది కాబోలు.

ముందుగా తిండి మాట. ఇందులో మన సముదాయానికి వంక పెట్టవలసిన పని లేదు. రమజాన్‌లో కిరాణా సంచీలు, పండుగ నాటికి ఫిత్రా, బక్రీద్‌కు మాంసం అడగకుండానే ఇళ్ళకు చేరుతాయి. 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, ప్రకాశం బ్యారేజీ వద్ద వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి చరిత్రలోనే అత్యధికమైనప్పుడు, వండి పంచే చేతులకు కొదవ లేకపోయింది. మస్జిద్ అనక, గుడి అనక, చర్చి అనక, వీధి కుర్రాళ్ళ సంఘం అనక అందరూ పొయ్యి వెలిగించారు. నదికి ఈ ఒడ్డున తాడేపల్లి పల్లపు వాడలలోనూ నీళ్ళు నిలిచాయి. ఆ నాలుగు రోజులు మాత్రం ఎవరూ మతం అడిగి పొట్లం ఇవ్వలేదు.

ప్రభుత్వపు తిండి కూడా ఉంది. ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు. 2024 ఆగస్టు 15న మళ్ళీ తెరిచిన అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలు. ఇక్కడే కాగితం మెల్లగా తల ఎత్తుతుంది. రేషన్ కార్డులో పేరున్న ప్రతివారూ వేలిముద్ర వేసి ఈ-కేవైసీ పూర్తి చేయాలంటారు. ఇంటి పెద్ద కువైట్‌లో ఉంటే ఆ వేలు ఎక్కడి నుంచి తేవాలి? పేరు తీయించాలా, ఉంచాలా, తీసేస్తే మళ్ళీ ఎక్కుతుందా? ఇది పెద్ద చిక్కేమీ కాదు. సచివాలయంలో ఒక పూట కూర్చుంటే తేలుతుంది. ఆ పూట కూర్చోగలిగినవారు లేకనే అయిదు కిలోలు పోతాయి. పోయిన అయిదు కిలోల కోసం మస్జిద్ కమిటీ కిరాణా సంచీ ఇస్తుంది. వచ్చే నెల మళ్ళీ ఇస్తుంది. ఆ పై నెలా ఇస్తుంది. సదర్ సాబ్ సహనం గొప్పదే కాని, ఒక్క అర్జీతో తీరే అక్కరకు పన్నెండు సంచీలు పంచడం సాయమా, సాయం దుబారానా?

ఇక నీడ. ఇక్కడ మన చేయి సగమే చాస్తుంది. అన్నం పెట్టినవారు అద్దె ఇల్లు చూపించరని కాదు, చూపించలేరు. అడ్వాన్సు కట్టే నిధి ఏ కమిటీ దగ్గరా విడిగా ఉండదు. వరద తగ్గాక ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. విజయవాడ ముంపు ప్రాంతాలలో కింది అంతస్తు ఇళ్ళకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ఇస్తామని 2024 సెప్టెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. ఇచ్చింది కూడా. కాని లెక్క రాసేవారు వచ్చిన రోజున ఇంట లేనివారు, ఆధార్ మీద పాత ఊరి చిరునామా ఉన్నవారు, అద్దెకు ఉంటున్నామని చెప్పడమే తప్ప చూపించడానికి రసీదు లేనివారు వందలుగా కలెక్టరు కార్యాలయం చుట్టూ తిరిగారు. మునిగింది వారి గిన్నెలే, వారి పరుపులే. కాగితం మాత్రం ఇంటి యజమాని పేరున ఉంది.

అయితే కాగితం ఉంటే చాలునా అంటే, దానికీ ఇక్కడే జవాబు దొరుకుతుంది. 2023 మే నెలలో అమరావతిలో ఆర్-5 జోన్ పేరిట గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాలకు చెందిన 50,793 మంది పేద మహిళలకు ఇళ్ళ పట్టాలు పంచారు. వెంకటపాలెంలో సభ జరిగింది. పట్టా చేతికి వచ్చిన ఆడవాళ్ళు దాన్ని బీరువాలో, బీరువా లేనివారు బియ్యం డబ్బాలో దాచుకున్నారు. ఆగస్టు 3న హైకోర్టు అక్కడ ఇళ్ళ నిర్మాణం ఆపమంది. ఆ భూమిని రాజధాని కోసం ఇచ్చిన రైతుల వాదన వారికుంది, ఇల్లు లేని పేదల వాదన వీరికుంది. 2024లో ప్రభుత్వం మారాక వీరికి వేరేచోట స్థలం ఇస్తామన్నారు. ఏది న్యాయమన్న చర్చ అటుంచితే, కోర్టులో ఉన్నది తమ ఇల్లేనని ఆ పట్టాదారులలో ఎంతమందికి ఎవరు విడమరిచి చెప్పారు? సభకు బస్సులు వచ్చాయి. తీర్పు అర్థం చెప్పడానికి ఒక్క మనిషి రాలేదు. పట్టా ఇచ్చిన పార్టీ ఒక మాట, ఆపించిన పార్టీ ఒక మాట చెప్పి వెళ్ళాయి. కాగితం ఉండటం ఒక ఎత్తు, దాన్ని చదివి వెంటపడే మనిషి ఉండటం మరొక ఎత్తు.

పరదేశంలో నీడ లేకపోవడమంటే ఏమిటో 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో చూశాం. ఒకే భవనంలో కుక్కి ఉంచిన కార్మికుల మీదికి తెల్లవారుజామున మంటలు, పొగ వచ్చాయి. సుమారు యాభై మంది పోయారు. 45 మంది భారతీయుల మృతదేహాలను వాయుసేన విమానంలో కొచ్చికి తెచ్చారు. వారిలో ముగ్గురు మన ఆంధ్రప్రదేశ్ వారు.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. గల్ఫ్‌లో మనిషి బతుకంతా కాగితం మీదే నిలబడి ఉంటుంది. వీసా ఇచ్చిన యజమానిని కఫీల్ అంటారు. అతని పేరు మీదే అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి. కువైట్‌లో ఇంటిపనివారికి 20వ నంబరు వీసా, కంపెనీ పనివారికి 18వ నంబరు. ఇంటి వీసా మీద వెళ్ళిన ఆడమనిషి ఆ ఇంట్లో కొట్టారనో, జీతం ఎగ్గొట్టారనో బయటకు వచ్చేస్తే, కఫీల్ పోలీసు స్టేషనుకు వెళ్ళి పారిపోయిందని రాసిస్తాడు. ఆ రోజు నుంచి ఆమె బాధితురాలు కాదు, నేరస్తురాలు. గల్ఫ్‌లో మనవాళ్ళు దీన్నే ‘ఖల్లివెల్లి’ అయిపోవడం అంటారు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలోనే ఉంటుంది. కువైట్ సిటీలో శుక్రవారం నాడు తెలుగువారు చేరే మాలియా వీధుల్లో ఎవరో ఒకరు రెండు పూటలు తిండి పెడతారు, గదిలో నాలుగు రోజులు చోటిస్తారు. అయిదో రోజు నుంచి ఆ ఇచ్చినవారికీ భయమే. దాచిపెట్టారన్న నేరం వారి మీదికి వస్తుంది.

అక్కడ చట్టం అసలు లేదనుకోవడం పొరపాటు. కువైట్ 2015లోనే 68వ నంబరు చట్టం చేసింది. ఇంటిపనివారికి వారానికి ఒకరోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోరాదన్న నిబంధన అందులో ఉన్నాయి. మరుసటి ఏడాది కనీస జీతం నెలకు 60 దీనార్లని ఖరారు చేశారు. 2021 జూన్‌లో భారత, కువైట్ ప్రభుత్వాలు ఇంటిపనివారి గురించి ఒప్పందం కూడా రాసుకున్నాయి. చట్టం ఉంది, అది ఉన్నదని మన చెల్లెలికి తెలియదు. ఒప్పంద పత్రం అరబీలో ఉంటుంది. ఖుర్ఆన్ చదవగలిగిన మనవాళ్ళు ఆ అక్షరాలను పోల్చుకోగలరు, ఆ షరతుల అర్థం మాత్రం తెలియదు. అరబీ అక్షరం కనబడగానే భక్తితో సంతకం చేసేవారూ ఉన్నారు. ఏజెంట్లకు ఈ బలహీనత బాగా తెలుసు.

ఇటువైపు మన చట్టం 1983 నాటి వలసల చట్టం. దాని స్థానంలో కొత్త బిల్లు ముసాయిదాను 2025లో కేంద్రం ప్రజాభిప్రాయానికి పెట్టింది. పదో తరగతి తప్పినవారికి, అసలు చదవనివారికి ఇచ్చే పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలకు కూలికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అటువంటి పాస్‌పోర్టు గల ఆడవారికి 30 ఏళ్ళు నిండాలి. వారిని పంపే అధికారం కూడా ప్రభుత్వ సంస్థలకే ఉంది. మన రాష్ట్రంలో ఓంక్యాప్ అటువంటి సంస్థే. అనుమతి ఉన్న ఏజెంటు సేవా రుసుముగా 30 వేల రూపాయలు, పైన జీఎస్టీ మించి తీసుకోరాదు. ఇవన్నీ రక్షణ కోసం పెట్టినవే. అనుమతి తీసుకుని వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా వస్తుంది. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ఒక బిర్యానీ ఖరీదు.

మరి జరుగుతున్నదేమిటి? పాతికేళ్ళ అమ్మాయిని విజిటింగ్ వీసా మీద విమానం ఎక్కిస్తారు. అనుమతి అక్కర లేదు, వయసు అక్కర లేదు, బీమా లేదు. ఆమె ఆ దేశంలో పనికి ఉన్నట్టు మన రాయబార కార్యాలయం పుస్తకాలలోనే ఉండదు. ముప్పై ఏళ్ళ నిబంధన ఆడవారిని కాపాడుతోందా, దొంగదారికి నెడుతోందా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. నా మటుకు నాకు రెండూ నిజమనే అనిపిస్తుంది. కాని ఆ వాదన తేలేదాకా విజిటింగ్ వీసా మీద పనికి పంపేవాడు మోసగాడని మన ఇళ్ళలో ప్రతి ఆడపిల్లకూ తెలిసి తీరాలి.

చిక్కుకున్న తరువాత ఎవరిని పట్టుకోవాలి? భారత ప్రభుత్వం 2009లో రాయబార కార్యాలయాలలో సముదాయ సంక్షేమ నిధిని పెట్టింది. 2017లో దాని నిబంధనలను విస్తరించింది. దిక్కులేని స్థితిలో ఉన్న భారతీయుడికి తాత్కాలికంగా తిండి, బస, అవసరమైతే వకీలు ఖర్చు, తిరుగు టిక్కెట్టు, చనిపోతే శవాన్ని ఇంటికి చేర్చే ఖర్చు అన్నీ ఈ నిధి నుంచి భరించవచ్చు. గమనించారా? తిండి, నీడ, కాగితం మూడూ ఇక్కడ ఒకే పద్దులో ఉన్నాయి. పరదేశంలో ఉన్న ఈ ఏర్పాటు సొంత ఊరిలో లేదు.

ఆ నిధి తలుపు తట్టడానికి ఇంటి దగ్గరివారు చేయగలిగినది చాలా ఉంది. 2015లో మొదలైన మదద్ పోర్టల్‌లో ఇక్కడి నుంచే ఫిర్యాదు రాయవచ్చు. 1800 11 3090 అన్న ఉచిత నంబరుకు ఫోను చేయవచ్చు. అయితే మొదట అడిగేది పాస్‌పోర్టు నంబరు. రెండోది కఫీల్ పేరు, ఫోను. మూడోది వీసా నకలు. ఈ మూడూ ఇంట్లో లేకపోతే ఫిర్యాదు గాలిలో ఆగుతుంది. వెళ్ళేముందు రోజు ఆడపిల్లకు గోరింటాకు పెట్టి, అత్తరు పూసి, ఇమామ్‌ జామిన్‌ కట్టి పంపుతాం. ఆ పాస్‌పోర్టును జిరాక్సు తీసి ఉంచుకోవడం మాత్రం మరచిపోతాం.

క్షమాభిక్ష మాట వచ్చినప్పుడు ఈ నకళ్ళ విలువ మరింత తెలుస్తుంది. కువైట్ 2024 మార్చి 17 నుంచి జూన్ ఆఖరు దాకా, అరబ్ ఎమిరేట్స్ అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా అకామా మీరినవారికి జరిమానా లేకుండా వెళ్ళిపోయే వీలు కల్పించాయి. పాస్‌పోర్టు లేనివారికి రాయబార కార్యాలయం ఔట్‌పాస్ ఇస్తుంది. ఔట్‌పాస్ ఇవ్వాలంటే ఆ మనిషి భారతీయుడేనని తేలాలి. ఇంట్లో నకలు ఉన్నవారు వాట్సాప్‌లో ఒక్క నిమిషంలో పంపారు. లేనివారు ఆధార్, ఓటరు కార్డు, స్కూలు సర్టిఫికెట్ అంటూ వెతుకులాడుతుండగానే గడువు దగ్గరపడింది. 2020 ఏప్రిల్‌లో కువైట్ ఇలాగే గడువు ఇచ్చినప్పుడు కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. పేరు రాయించుకున్నవారు శిబిరాలలో వారాల తరబడి పడి ఉండవలసివచ్చింది. అయినా పేరు రాయించుకున్నవారే ముందు ఇల్లు చేరారు.

అమెరికాకు పిల్లలను పంపుతున్న కుటుంబాలు ఇదంతా గల్ఫ్ కూలీల గొడవ అనుకోవచ్చు. 2023లో హైదరాబాద్ నుంచి పైచదువుకు వెళ్ళిన ఒక అమ్మాయి చికాగో వీధిలో ఆకలితో, సామాను పోగొట్టుకుని కనిపించిన సంగతి పత్రికలలో వచ్చింది. ముందుగా గుర్తించి కబురు చేసింది అక్కడి మన హైదరాబాదీలే. తరువాతే కాన్సులేటు కదిలింది. అమెరికా ముస్లింలు ఈ విషయంలో మనకంటే ఒక అడుగు ముందున్నారు. ఇక్నా రిలీఫ్ అనే సంస్థ అక్కడ పలు నగరాలలో ఆహార సరుకుల గిడ్డంగులు నడుపుతుంది, నిలువనీడ లేని ఆడవారికి తాత్కాలిక వసతి గృహాలూ నడుపుతుంది. కేర్ అనే పౌరహక్కుల సంస్థ శాఖలు కొన్ని వీసా, శరణు కేసులు చూసే వకీళ్ళను పెట్టుకున్నాయి. తానా వంటి తెలుగు సంఘాలకు ఆపదలో ఆదుకునే బృందాలున్నాయి. వీటిలో ఏదీ మనకు అందని విద్య కాదు. అక్కడి మస్జిద్‌లో నమాజు తరువాత గోడ మీద వకీలు నంబరు కనిపిస్తుంది. మన మస్జిద్ గోడ మీద చందా ఇచ్చినవారి పేర్లు కనిపిస్తాయి.

డబ్బు లేదని అనడానికి వీలు లేదు. జకాత్ ఎవరికి చెందుతుందో సూరా తౌబా 60వ ఆయతులో ఎనిమిది వర్గాలు చెప్పబడ్డాయని పిల్లలు కూడా చెబుతారు. పేదలు, అక్కరగలవారితో పాటు అప్పులపాలైనవారు, దారిలో చిక్కుకున్న ప్రయాణికులు ఆ జాబితాలో ఉన్నారు. ఏజెంటుకు ఇల్లు తాకట్టు పెట్టి వెళ్ళి, అకామా లేక మాలియా గదిలో దాక్కున్నవాడు వీటిలో రెండు మూడు వర్గాలకు ఒకేసారి చెందినవాడు కాడా? అతని కాగితాల ఖర్చుకు జకాత్ సొమ్ము ఏ పద్ధతిలో వాడవచ్చో ఉలమాలు చెప్పాలి. వారిని అడగాలి కూడా. సదఖాకూ మామూలు చందాకూ ఆ సందేహమే లేదు. ఏళ్ళ తరబడి మనం మొదటి రెండు వర్గాల దగ్గరే ఆగిపోయాం. బియ్యం సంచీ కంటికి కనబడుతుంది, ఫొటోలో బాగుంటుంది. అర్జీ రాసిన కాగితానికి ఫొటో లేదు.

వకీలు ఖర్చు అనగానే భయపడతారు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడవారికి, ఎస్సీ ఎస్టీలకు, అక్రమ రవాణా బాధితులకు, వరద బాధితులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరకాలి. అంటే తాడేపల్లిలో వరదకు మునిగిన ఇంటివారూ అర్హులే, భర్త గల్ఫ్‌లో చిక్కుకున్న ఇల్లాలూ అర్హురాలే. మంగళగిరి కోర్టులో మండల న్యాయసేవాధికార కమిటీ, గుంటూరులో జిల్లా సంస్థ ఉన్నాయి. 15100కు ఫోను చేసినా చాలు. వారు కువైట్ కోర్టులో వాదించలేరు. ఏజెంటు మీద మోసం కేసు, బీమా సొమ్ము కోసం దరఖాస్తు, అద్దె తగాదా, తాకట్టు నోటీసుకు జవాబు మాత్రం వారి పనే. కువైట్‌లోని కేసుకు సంక్షేమ నిధి, ఇక్కడి కేసుకు న్యాయసేవ అన్న ఈ చిన్న తేడా తెలియక మంత్రి ఇంటి ముందు నిలబడి తిరిగి వెళ్ళేవారెందరో.

కమిటీలకు పెద్ద భవనం కట్టమని ఎవరూ చెప్పడం లేదు. వాడలో డిగ్రీ చదివిన పిల్లలు, ఆడపిల్లలు సైతం, ఇంటికొకరు ఉన్నారు. వడ్డేశ్వరం విశ్వవిద్యాలయంలో చదివే మన పిల్లలే బోలెడుమంది. జుమా తరువాత ఒక గంట ఇద్దరు కూర్చుని ఒక పుస్తకం తెరిస్తే చాలు. వాడలో ఎవరు ఏ దేశంలో ఉన్నారు, పాస్‌పోర్టు నంబరేది, వీసా ఏ రకం, గడువు ఎప్పటిదాకా, ఇంట్లో రేషన్ కార్డు ఎవరి పేరున, అద్దె ఇల్లయితే రసీదు ఉందా అన్నవి రాసుకోవాలి. ఆ పుస్తకం గోప్యంగా ఉండాలి, ఏజెంట్ల చేతికి చిక్కరాదు. ఆడవారి మాట వినడానికి ఆడవారే ఉండాలి. కువైట్‌లో ఏం జరిగిందో ఏ చెల్లెలూ సదర్ సాబ్ ఎదుట చెప్పుకోలేదు. చెప్పుకోనిది అర్జీలో ఎక్కదు.

వచ్చే క్షమాభిక్ష ఎప్పుడు, ఏ దేశంలో వస్తుందో ఎవరూ ముందుగా చెప్పరు. వస్తే గడువు కొద్ది నెలలే ఉంటుంది. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, కఫీల్ ఫోను నంబరు, ఏజెంటు ఇచ్చిన రసీదు ఇంట్లో ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. ఏజెంటు రసీదు ఇవ్వనంటే, అతని పేరు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పట్టికలో ఉన్నదేమో పైకం కట్టకముందే అడగండి. లేకపోతే ఆ పైకం కట్టవద్దు.